చెక్కుబందీ ఉన్న జీపు

దస్తగిరి జీపును భూమిగా మార్చింది నేనే. ఈ విషయంలో జిల్లాలో చాలామంది నన్ను చూసి ముసిముసిగా నవ్వుతున్నారు కాబట్టి, అది ఎలా జరిగిందో సవివరంగా చెప్పడం నా బాధ్యత అనుకుంటున్నాను. అంతా విన్నాక కూడా నవ్వొస్తే నవ్వుకోండి. కానీ ప్రొసీజరులో తప్పెక్కడుందో మాత్రం చూపించండి. ఇరవై ఆరేళ్ల సర్వీసు నాది, పేరు వరదరాజులు, జిల్లా ఆఫీసులో మార్పిడి సెక్షన్ సీనియర్ అసిస్టెంటును.

మా జిల్లాలో ఎండిపోయిన ఏటి పక్క ఊళ్లలో పొలాల మీద గాలికి ఇసుక మేటలు వేస్తుంది. చాలాకాలం దీన్ని మేము 'ఇసుక మేట సమస్య' అనే ఫైలులో భద్రంగా ఉంచాం. కిందటేడు పైనుంచి కొత్త ఉత్సాహం దిగింది. అది సమస్య కాదు, ఎడారి అన్నారు. ఎడారి ఉన్న దేశాలన్నీ అందులో కార్ల పందేలు పెట్టి పేరు తెచ్చుకుంటుంటే మనం మాత్రం గంపలతో ఎత్తిపోస్తున్నామేమిటని కోప్పడ్డారు. వారం తిరక్కుండా 'జిల్లా ఎడారి క్రీడల సంస్థ' పుట్టింది. దానికి ప్రత్యేకాధికారిగా భుజంగరావు గారు వచ్చారు. వచ్చిన రోజే ఫైలు మీద 'సమస్య' అన్న మాట కొట్టేసి 'సంపద' అని రాశారు.

భుజంగరావు గారు నోరు తెరిస్తే ఉత్తర్వు చదివినట్టుంటుంది. ఇంట్లో పప్పన్నం అయ్యాక "తదుపరి చర్య నిమిత్తం మజ్జిగ" అంటారని వాళ్ల డ్రైవరు చెప్పాడు. నేను నమ్మాను. మొదటి సమావేశంలో ఆయన లేచి నిలబడి ఇలా సెలవిచ్చారు.

"ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, మన ఎడారి ర్యాలీ పొగ లేని ర్యాలీ. అట్లని షోరూములో కొన్న కరెంటు బండ్లకు ప్రవేశం లేదు. డీజిల్ తాగి చెడిపోయిన పాత బండ్లను విద్యుత్ బండ్లుగా మార్చుకొని, సదరు మార్చబడిన బండ్లతోనే పాల్గొనవలెను. నాలుగవ నిబంధన ప్రకారం మార్పిడి ధ్రువపత్రం జతపరచవలెను. దానిని మార్పిడి సెక్షన్ జారీ చేయవలెను."

జిల్లా మొత్తానికి మార్పిడి సెక్షన్ ఒక్కటే, అది నాదే. పొలాన్ని ఇళ్ల స్థలంగా మార్చుకోవాలన్నా, మాగాణిని మెట్టగా రాయించుకోవాలన్నా నా బల్ల దగ్గరికి రావాలి. బండికీ మాకూ ఏ సంబంధమూ లేదు. లేచి ఆ మాటే చెప్పాను.

"సార్, మాది భూముల మార్పిడి."

"ఉత్తర్వులో భూములు అని ఉన్నదా?"

"లేదు సార్."

"బండ్లు కాకూడదు అని ఉన్నదా?"

"లేదు సార్."

"మరి మీకు సందేహం ఏ పేరాలో కలిగినది?"

ఏ పేరాలోనూ కలగలేదని ఒప్పుకుని కూర్చున్నాను.

మూడో రోజే మొదటి దరఖాస్తుదారు వచ్చాడు. దస్తగిరి అని, బస్టాండు వెనక మెకానిక్ షెడ్డు ఉంది అతనికి. వెంట భార్య మాబున్ని. దస్తగిరి మాట్లాడే ముందు ఒకసారి గొంతు సవరించుకుంటాడు, ఆలోపు మాబున్ని మాట్లాడేస్తుంది. వాళ్ల జీపు ఇరవై రెండేళ్లది. పల్లెలకు సర్వీసు తిప్పి తిప్పి ఒకనాడు ఇంజను పట్టేసింది. భార్యాభర్తలిద్దరూ ఏడు నెలలు కష్టపడి ఇంజను పీకేసి, రెండు కరెంటు సరుకు ఆటోల మోటార్లు తెచ్చి, లేతు మీద తిప్పించిన ఇనుప పలకతో గేరుబాక్సుకు బిగించారు. సీట్ల కింద పాత ఆటోల బ్యాటరీలు సర్దారు. బండి చప్పుడు లేకుండా నడుస్తోందట.

"సార్, ఈ సర్టిఫికెట్ మాకు ర్యాలీకి ఒక్కటే కాదు" అంది మాబున్ని. "పదైదేండ్లు దాటిన బండ్లన్నీ తుక్కు లారీకి ఎక్కిస్తాండారు గదా. కరెంటుకు మార్చుకున్నట్ల కాగితం ఉంటేనే ఇడిసిపెడ్తారంట. మాకు గడువు ర్యాలీ దినం సాయంత్రం ఐదు గంటల దాకానే ఇచ్చినారు."

దస్తగిరి గొంతు సవరించుకుని, "అది పోతే మా చేతులిరిగినట్లే సార్" అన్నాడు.

నాకు జాలేసింది. జాలి చూపించడానికి మా దగ్గర ఉన్న దారి ఒక్కటే, ఫారం నింపడం. తీశాను.

"మెట్టా, మాగాణా?"

"సార్, ఇది జీపు" అన్నాడు దస్తగిరి.

"తెలుసు నాయనా. మెట్టా, మాగాణా? గడి ఖాళీగా వదిలితే పైవాళ్లు వెనక్కి పంపుతారు."

మాబున్ని కాసేపు ఆలోచించింది. "ముందర రేడియేటర్ ఉండె సార్. దినామూ బిందెడు నీళ్లు పోస్తాంటిమి. ఇప్పుడు మోటారుకు నీళ్ల పనే ల్యా."

ఆ జవాబు నాకెంత నచ్చిందో చెప్పలేను. పదేళ్లుగా రైతులకు కూడా ఇంత స్పష్టత లేదు. 'మాగాణి నుంచి మెట్టకు' అని రాసుకున్నాను.

"గత మూడేళ్లలో వేసిన పంట?"

"శెనక్కాయ మూటలు ఏస్తాంటి సార్. సంతనాడు మేకలు గూడా."

'వేరుశనగ. అంతర పంటగా మేకలు.'

"బావి గానీ బోరు గానీ?"

"డీజిల్ ట్యాంకు ఉండె. తీసేసినాం."

'బావి కలదు, పూడ్చబడినది.' విస్తీర్ణం టేపు పెట్టి కొలిపించాను. పదమూడడుగుల పొడవు, అయిదున్నర అడుగుల వెడల్పు, వెరసి సెంటులో ఆరో వంతుకు కాస్త తక్కువ. అంతా నున్నగా నడిచింది. చివర్లో చెక్కుబందీ గడి వచ్చింది. నాలుగు దిక్కుల హద్దులు రాయనిదే భూమి భూమి కాదు. హద్దులు తేల్చాల్సింది సర్వేయరు.

మా సర్వేయరు తిప్పేస్వామి ముప్పై ఏళ్లుగా గొలుసు లాగుతున్న మనిషి. హద్దు రాయిని కదిపినవాడిని హంతకుడి కింద లెక్కేస్తాడు. మర్నాడు షెడ్డుకు పోయి శ్రద్ధగా రాసుకొచ్చాడు. తూర్పున సుంకన్న టీ కొట్టు, పడమర షెడ్డు గోడ, ఉత్తరాన తారు రోడ్డు, దక్షిణాన మేకల దొడ్డి. జీపు నాలుగు మూలలా నాలుగు రాళ్లు పాతించి, సున్నం పూయించి, మహజరు మీద సుంకన్న చేత సాక్షి సంతకం పెట్టించాడు.

ఆ మర్నాడు పొద్దున్నే చెప్పులు చేత్తో పట్టుకుని ఆఫీసుకు పరిగెత్తుకొచ్చాడు.

"సార్! భూమి రోడ్డు మీద పోతాండాది!"

దస్తగిరి బ్యాటరీ పరీక్షకని జీపు తీశాడు. రాళ్లు నాలుగూ షెడ్డు ముందు మిగిలాయి, మధ్యలో భూమి లేదు. తిప్పేస్వామికి కళ్లనీళ్లు ఒక్కటే తక్కువ.

భుజంగరావు గారు విని కుర్చీలో నిటారుగా అయ్యారు. "స్థిరాస్తి అస్థిరముగా ప్రవర్తించుటను ఈ కార్యాలయం తీవ్రముగా పరిగణించుచున్నది" అని, నీ భూమి హద్దులు విడిచి ఎందుకు పోయిందో మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వమని దస్తగిరికి మెమో పంపారు. మాబున్ని జవాబు చెప్తే నేనే రాసిపెట్టాను. 'పందెం అంటే పోవాల గదా సార్, పోకుంటే అది పందెం యాడయితాది' అన్న మాటను 'పాల్గొనుట యందు గమనము అనివార్యము' అని తిరగరాశాను.

ఆయన రెండు రోజులు ఆలోచించారు. అధికారి అంటే అలా ఆలోచించాలి. మూడో రోజు బయటికొచ్చి పరిష్కారం చెప్పారు. భూమి హద్దులు దాటకూడదు. దాటకుండా ఉండాలంటే హద్దులు కూడా భూమితోపాటే పోవాలి. కాబట్టి నాలుగు రాళ్లూ పెరికి, జీపు నాలుగు మూలలా క్లాంపులతో బిగించాలి. అవి సక్రమంగా ఉన్నాయని అడుగడుగునా ధ్రువీకరించడానికి సర్వేయరు వెంట వెళ్లాలి. అసలు రికార్డు భూమి వెంటే ఉండాలి కనుక ఫైలు పట్టుకుని నేనూ వెళ్లాలి.

ఇక చెక్కుబందీ మాట. జీపు మలుపు తిరిగితే తూర్పు హద్దు ఉత్తరానికి పోతుంది. దీనికి మాత్రం పరిష్కారం నాదేనని సవినయంగా మనవి చేస్తున్నాను. నాలుగు గళ్లలోనూ ఇలా రాశాను: 'తూర్పు: ఆ సమయమునకు తూర్పున ఉన్నది. పడమర: ఆ సమయమునకు పడమర ఉన్నది.' భుజంగరావు గారు చదివి, కళ్లజోడు తీసి, నన్ను మొదటిసారి "వరదరాజులు గారూ" అని పిలిచారు. ర్యాలీకి ముందురోజు సాయంత్రం ధ్రువపత్రం మీద సంతకం పడింది. మాబున్ని దాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టి, ముందద్దానికి అంటించి, కొబ్బరికాయ కొట్టింది.

ర్యాలీ రోజు ఇసుకదొడ్డి ఊరి బయట పెద్ద షామియానా వేశారు. నగరం నుంచి తొమ్మిది బండ్లు వచ్చాయి. ఒక్కొక్కటి ఇల్లంత ఉంది. వాళ్ల ధ్రువపత్రాలు ఇంగ్లీషులో, మెరిసే కాగితం మీద ఉన్నందువల్ల ఎవరూ చదవలేదు. అందరికంటే ముందు నిలబడ్డ నల్లకళ్లద్దాల పెద్దమనిషి మా జీపునూ, దాని మూలల్లోని సున్నపు రాళ్లనూ చూసి, "ఇది ర్యాలీకా, గోడ కట్టడానికా?" అని తన పక్కవాళ్లతో అన్నాడు. వాళ్లు నవ్వారు. తిప్పేస్వామి పళ్లు కొరికాడు.

బండి బయల్దేరిన సంగతి నాకు తెలియనే లేదు. షామియానా వెనక్కి పోతుంటే, ఇదేమిటి గుడారం కదులుతోంది అనుకున్నాను. ఇంజను చప్పుడు లేదు, పొగ లేదు. ఇసుక మీద చక్రాలు చేసే సర్రుమన్న శబ్దం, వెనక సీటులో తిప్పేస్వామి "ఈశాన్యం సక్రమం, ఆగ్నేయం సక్రమం" అని ధ్రువీకరించే శబ్దం, అంతే.

మొదటి దిబ్బ దగ్గర దస్తగిరి ఆపాడు. తక్కిన బండ్లన్నీ రయ్యిమని మమ్మల్ని దాటి పోయాయి. ఇతను మాత్రం తీరిగ్గా దిగి నాలుగు చక్రాల్లోనూ గాలి తీయసాగాడు.

"ఏమయ్యా, వాళ్లు పోతున్నారు!" అన్నాను. నాకేమిటో ఆ పట్టింపు, ఆఫీసు పని మీద వచ్చినవాణ్ని.

"పోనీ సార్. బిగువుగా పోతే ఇసుక మింగుతాది. మెత్తగా పోవాల."

రెండో దిబ్బ దాటేసరికి ఆ మాట అర్థమైంది. పెద్ద బండ్లు ఒక్కొక్కటే ఇరుసుల దాకా కూరుకుపోయి ఉన్నాయి. వాటి యజమానులు కిందికి వంగి ఇసుకతో ఇంగ్లీషులో మాట్లాడుతున్నారు. మా జీపు చదును చక్రాల మీద పిల్లిలా వాళ్ల పక్కనుంచి వెళ్లిపోయింది. ముందర ఇంకా నల్లకళ్లద్దాల బండి ఒక్కటే మిగిలింది.

అయిదో దిబ్బ మీద మేమూ ఆగిపోయాం. వెనక చక్రం తిరుగుతోంది గానీ బండి కదలదు. దస్తగిరి ముఖం పాలిపోయింది. మాబున్ని గబుక్కున దిగి, స్పానరు అందుకుని, నైరుతి మూల క్లాంపు ఊడదీసి, హద్దు రాయిని రెండు చేతులా పెరికింది.

"అమ్మా!" అని తిప్పేస్వామి గుండెలు బాదుకున్నాడు. "అది గవర్నమెంటు రాయి! పీకితే కేసయితాది!"

"హద్దు రాయి భూమిలోనే ఉండాల అంటివి గదన్నా. ఇదో చూడు" అంటూ మాబున్ని రాయిని చక్రం కిందికి తోసింది. "భూమి కిందనే పెట్టినా."

తిప్పేస్వామి నా వైపు చూశాడు. నేను నిబంధనలన్నీ మనసులో తిరగేశాను, అభ్యంతరం దొరకలేదు. చక్రం రాయిని పట్టుకుంది, జీపు ఒక్క ఊపున దిబ్బ ఎక్కింది. దాని అవతల నల్లకళ్లద్దాల బండి ముక్కు కిందికి దిగబడి ఉంది. మేము దాని పక్కనుంచి దిగుతుంటే నేను కేక పెట్టాను. ఇరవై ఆరేళ్లలో ఆఫీసు పని మీద సంతోషంతో కేక పెట్టడం అదే మొదలు. తిరిగొచ్చి షామియానా ముందున్న గెలుపు గీత మేమే ముందు దాటాం. తిప్పేస్వామి మాత్రం రాయి కోసం వెనక్కి పరిగెత్తాడు.

అరగంటకు నల్లకళ్లద్దాల పెద్దమనిషి కాలినడకన వచ్చాడు. బూట్లనిండా ఇసుక. వచ్చీ రావడంతోనే జీపు అద్దానికి అంటించిన ధ్రువపత్రాన్ని చదివాడు. తెలుగు బాగానే వచ్చు అతనికి.

"ఇది భూమి!" అని అరిచాడు. "మీ కాగితమే చెప్తోంది. భూమి పందెంలో ఎట్లా పాల్గొంటుంది?"

షామియానా కిందే విచారణ మొదలైంది. భుజంగరావు గారు ఫైలు ఆసాంతం చదివి తీర్పు చెప్పారు. "సదరు ఆస్తి రికార్డు ప్రకారం స్థిరాస్తి. స్థిరాస్తి కదలదు. కదలనిది గమ్యం చేరదు. కావున సదరు జీపు ఇంకను బయల్దేరలేదని ఈ విచారణ తేల్చుచున్నది." ఆయన ఈ మాట అంటున్నప్పుడు జీపు ముందు బంపరు ఆయన మోకాలికి ఆనుకుని ఉంది.

జనం గోల చేశారు. అంతలో, అయిదింటికి అయిదు నిమిషాలు ఉందనగా, తుక్కు లారీ వచ్చింది. దాంట్లోంచి దిగిన తనిఖీ అధికారి కూడా ధ్రువపత్రం చదివి పెదవి విరిచాడు. "ఇది బండికిచ్చిన కాగితం కాదే. బండికి వేరే కాగితం ఉందా?"

లేదు. దస్తగిరి బానెట్ మీద చెయ్యి వేసుకుని నిలబడ్డాడు. ఈ ఫారం నింపింది నేను. మొదటిసారి నా దస్తూరీ మీద నాకే కోపం వచ్చింది.

భుజంగరావు గారికి దయ కలిగింది. "రికార్డు సవరించుటకు మాకు అధికారం కలదు. భూమి అను పదము కొట్టివేసి వాహనము అని రాసినచో, ఈ జీపే ప్రథమ విజేత. కప్పు దీనిదే."

చప్పట్లు మోగాయి. కప్పు బల్ల మీద తళతళలాడుతోంది, నిలబెడితే దస్తగిరి నడుం దాకా వచ్చేలా ఉంది. అతను దాని వైపు చూసిన చూపు నేను మర్చిపోలేను. బండి కట్టిన మనిషికి ఆ ఆశ ఉండదా మరి. నేను మాత్రం తనిఖీ అధికారి వైపు తిరిగాను.

"అయ్యా, మీ ఉత్తర్వు దేనికి వర్తిస్తుంది?"

"పదిహేనేళ్లు దాటిన వాహనాలకు. వాహనమని దిద్దినా, 'మాగాణి నుంచి మెట్టకు' అన్న కాగితం కరెంటు మార్పిడి కింద చెల్లదు."

"భూమికి?"

"భూమికి వయోపరిమితి ఏముంటుందండీ!"

ఆ మాట మాబున్ని చెవిన పడింది. రెండు క్షణాలు లారీ వైపు చూసింది, రెండు క్షణాలు కప్పు వైపు చూసింది.

"సార్, దిద్దొద్దండి. భూమిగానే ఉండనీండి."

"కప్పు పోవును" అన్నారు భుజంగరావు గారు.

"పోనీ సార్. ఆయప్పకు ఆశ ఉండాది, నాకు తెల్సు. కానీ కప్పులో కూర్చోని సంతకు పోలేము గదా."

దస్తగిరి గొంతు సవరించుకున్నాడు. ఈసారి మాబున్ని ఆగింది. "భూమే సార్" అన్నాడతను.

లారీ ఖాళీగా తిరిగిపోయింది. కప్పు నల్లకళ్లద్దాల పెద్దమనిషికి ప్రకటించారు. అయితే గెలిచిన బండి గీత దాటి తీరాలి కదా, అది దిబ్బలో ఉంది. చివరికి ఇంకా బయల్దేరని మా జీపే పోయి, తిప్పేస్వామి సర్వే గొలుసును రెండు మడతలు వేసి, దాన్ని లాక్కొచ్చి గీత దాటించింది. ఫొటోలో ముందున్న జీపును కత్తిరించారు.

సోమవారం నా బల్ల ముందు వరుస మెట్ల దాకా పోయింది. ముప్పై ఏళ్ల ట్రాక్టరు, తలుపుల్లేని లారీ, కల్యాణమండపం వాళ్ల పాత వ్యాను, అన్నింటినీ భూమిగా మార్చమని. తిప్పేస్వామి రాళ్ల కోసం క్వారీకి మనిషిని పంపాడు. మెట్టా మాగాణా అడుగుతూ, రాస్తూ, మధ్యాహ్నానికి చెయ్యి నొప్పి పుట్టింది. నా పనికి ఇంత గిరాకీ ఎన్నడూ లేదు, అబద్ధమెందుకు, గర్వంగానే ఉంది.

వరుసలో అందరికంటే చివర నిలబడ్డాయన దగ్గర బండి తాళాలు లేవు. పట్టాదారు పుస్తకం ఒక్కటే ఉంది. పేరు ఎర్రిస్వామి, ఇసుకదొడ్డి రైతు.

"భూమికి వచ్చారా? ఇళ్ల స్థలంగా మార్చాలా?"

"ఇండ్లకు కాదు సార్. బండిగా మార్చాల."

తలెత్తి చూశాను. పరాచికానికి వచ్చిన ముఖం కాదు.

"మూడెకరాలు సార్ మాది. రెండెకరాలు ఇసక కిందికి పోయె. ఎకరా మిగిలిండాది, దాండ్లో శెనక్కాయ ఏసినా. దాన్ని బండి చేసిస్తే, ఇసక వొచ్చినప్పుడు పక్కకు తోలుకోని పోతా."

పుస్తకం తీసుకుని సర్వే నంబరు చూశాను. ఆ నంబరు నాకు తెలుసు. మొన్న మేము షామియానా వేసింది, గెలుపు గీత గీసింది ఆ రెండెకరాల మీదే. అప్పటిదాకా లోపల కదులుతున్న నవ్వు ఎటో పోయింది.

"ఎర్రిస్వామీ, భూమికి చక్రాలు ఉండవు కదయ్యా" అన్నాను.

"జీపుకు మాత్రం చెక్కుబందీ ఉంటాదా సార్? మీరు రాసినారు, వొచ్చె. మాకూ రాయండి."

ఫారం తీశాను. మొదటి గడిలో అతని పేరు రాశాను. రెండో గడి దగ్గర పెన్ను ఆగింది. ఎర్రిస్వామి కిటికీలోంచి బయటికి చూసి, బల్ల మీదికి కొంచెం వంగాడు.

"కొంచెం బిరబిరా రాయండి సార్. గాలి లేసిండాది."